కడిగిన కవరు

మొన్న మనవరాలు చిరుతిండి కవరు చింపబోతుంటే చేతిలోంచి లాక్కుని ముందు వాసన చూశాను. కోడలు నవ్వింది. ఆమెకు ఏమని చెప్పను, మన ఈడు వాళ్లకైతే చెప్పొచ్చు.

ఎనభైల చివర్లో తెనాలిలో ప్యాకింగ్ కవర్లకు బొమ్మలు వేసేవాణ్ణి. ఒక్కో సరుకుకు ఒక్కో కవరు చేయించే స్తోమత చిన్న వ్యాపారులకు ఉండేది కాదు గనుక, పసుపుపచ్చ కవరు మీద చుట్టూ వరికంకులు గీసి నడుమ ఖాళీ వదిలాను. దుగ్గిరాల పసుపైనా, కారమైనా ఆ ఖాళీలో పేరు అచ్చు వేసుకుంటే సరిపోయేది. మా యజమాని మహా మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే ఎలుకల మందు కూడా అందులోనే పోయించాడు. పేరు ఉంటుంది కదా అని అందరం ఊరుకున్నాం.

ఒకనాడు చుండూరులో అక్క వాళ్లింటికి వెళితే, పెరట్లో దండెం మీద ఉతికిన బట్టల పక్కన నా కవర్లు ఆరుతున్నాయి. ఆ రోజుల్లో గట్టి కవరును పారేసే ఇల్లు ఎక్కడుంది గనుక. వరికంకులు చెక్కుచెదరలేదు గాని, తర్వాత అచ్చు వేసిన పేర్లు మాత్రం సబ్బునీళ్లకు పూర్తిగా పోయాయి. ఏది పసుపుదో ఏది మందుదో గీసినవాణ్ణి నాకే తెలియలేదు. పొలానికి బావ తెచ్చిన ఎలుకల మందు ఏ కవరులో వచ్చిందని అడిగాను.

"వీటిల్లోనే. ఏంట్రా ఆ కంగారు? శుభ్రంగా కడిగాగా. పొద్దున పిల్లకి బడికి అటుకులు కూడా ఇందులోనే పోసిచ్చా" అంది అక్క.

చెప్పులు కూడా వేసుకోకుండా కాలవ గట్టు వెంట పరుగెత్తాను. బడి వరండాలో మేనకోడలు ఖాళీ కవరు మడతపెట్టుకుంటోంది. అటుకులు పక్కనున్న పిల్లలందరికీ తలా పిడికెడు పంచిందట. అంతవరకూ ఒక్క పిల్ల కోసం వణికినవాణ్ణి, ఇక ఎవరి కోసం వణకాలో కూడా తెలియలేదు. పంతులమ్మ డాక్టరును పిలిపించింది. పొద్దు వాలేదాకా ఆ పిల్లల ముఖాలే చూస్తూ కూర్చున్నాను, ఎవరు కాస్త దగ్గినా నా ప్రాణం పోయి వచ్చేది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అది పసుపు కవరో, అక్క గట్టిగా కడిగిన మందు కవరో ఇప్పటికీ తెలియదు.

మర్నాడే యజమానితో పోట్లాడి మందుకు పుర్రె బొమ్మతో నల్ల కవరు వేయించాను.

ఇప్పుడు కవర్లు కడిగేవాళ్లూ లేరు, అక్కా లేదు. దండెం మీద కవర్లు ఆరే ఇల్లు ఒక్కటైనా కనబడితే బాగుండునని ఉంటుంది, కనబడితే భయంతో నిలువునా వణికిపోతానని కూడా తెలుసు. మనవరాలు చెయ్యి చాచుకుని నిలబడే ఉంది. ఇంకోసారి వాసన చూసి ఇచ్చాను.