పాత ప్రాసెసర్ చివరి పని

పాత ఫొటోలు బాగుచేసే ఆవిడను వీధిలో అందరూ రంగులక్క అంటారు. చెదలు తిన్న ముఖానికి చెంప, నీళ్లు తాగి ఉబ్బిన కాగితంలో కరిగిపోయిన నవ్వుకు పెదవి ఆవిడ గదిలోనే మళ్లీ మొలుస్తాయి. ఆ గదిలో కిటికీ కింద ఒక కంప్యూటర్. పదకొండేళ్ల కిందట విడిభాగాలు కొనుక్కొచ్చి, చాప మీద పరుచుకుని, తన చేత్తో బిగించుకున్నది. పెట్టె మూసే రేకు లోపలివైపు మార్కర్‌తో ఆనాటి తేదీ కూడా వేసుకుంది.

ఈమధ్య దానికి ఆయాసం ఎక్కువైంది. వందో ఏట అడుగుపెడుతున్న ఒక బడివాళ్లు తరగతుల ఫొటోలు నూటనలభై ఇచ్చారు. ఒక మరక తుడిస్తే, ఆ తుడుపు తెర మీదికి వచ్చేలోపు టీ కాచుకుని రావచ్చు. వారంలో నమూనాకి పది ఫొటోలు చూపించాలి. లేకపోతే పని పెద్ద స్టూడియోకి వెళ్లిపోతుంది.

ప్రాసెసర్ మారుద్దామా అని ఆవిడ అంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన కూతురు నవ్వింది.

“ముసలాయనకి కొత్త బూట్లు తొడిగి పరుగుపందెంలోకి తోస్తావా? కొత్తది కొనేసెయ్ అమ్మా.”

ఆ మాట గుచ్చుకుంది. రంగులక్క కొలవడం మొదలుపెట్టింది. రెండు రోజులు పని చేస్తూనే తెర మూలన, ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే గీతలు చూసింది. మెమరీ సగం ఖాళీ. డిస్కు తాపీగా ఉంది. ప్రాసెసర్ గీత ఒక్కటే పైకప్పును తాకి కిందికి దిగడం లేదు. ఇరుకు ఎక్కడుందో తెలిసిపోయింది. ప్రాసెసర్ కూర్చునే బోర్డును తయారుచేసినవాళ్ల జాబితాలో, ఆ బోర్డు మోయగల ప్రాసెసర్ చిప్పుల్లో అన్నిటికన్నా బలమైనది వెతికి పట్టుకుంది. రిపేరు షాపు మెకానిక్ దగ్గర అదే చిప్పు, కొంచెం వాడినది, దొరికింది.

అతను ఇంటికొచ్చి పాతది తీసి కొత్తది పెట్టాడు. పాతదాన్ని జేబులో వేసుకోబోతుంటే ఆవిడ అడిగి తీసుకుని, కమ్మల డబ్బాలో దూది మీద పడుకోబెట్టింది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

“బోర్డు పోయినట్టుందక్కా,” అన్నాడు మెకానిక్.

కూతురు కొత్త కంప్యూటర్ల ధరలు వెతకడం మొదలుపెట్టింది. అదే ఎక్కువ నొప్పించింది.

రంగులక్క ఫోన్‌లో జాబితా మళ్లీ తెరిచింది. మొన్న చిప్పు పేరు కనబడగానే పొంగిపోయి, పక్క గడిలోని చిన్న అక్షరాలను వదిలేసింది. తప్పు తనదే. ఈ చిప్పు పుట్టకముందే తయారైన బోర్డు ఇది. బోర్డు లోపలి ప్రోగ్రాంను కొత్తది చేస్తే తప్ప దాన్ని గుర్తుపట్టదు. ఆ పని జరగాలంటే మిషన్ లేవాలి, లేవాలంటే బోర్డుకు ముందే తెలిసిన చిప్పే ఉండాలి.

“పక్కకు జరుగు తమ్ముడూ, నేను పెడతాను. కొత్తదాన్ని పాతదే పరిచయం చేస్తుంది.”

కమ్మల డబ్బా తెరిచింది. పాత చిప్పు తన చోట్లో కూర్చోగానే తెర వెలిగింది. బోర్డువాళ్ల సైటు నుంచి కొత్త ప్రోగ్రాం దించి ఎక్కించడం మొదలుపెట్టింది. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది కనుక, అది మారుతున్న ఎనిమిది నిమిషాలూ కరెంటు స్విచ్‌ను ఎవరూ తాకకుండా కూతురు అడ్డంగా నిలబడింది. ఆ తర్వాత రంగులక్క పాతదాన్ని తీసి, కొత్తదాన్ని అదే చోట అమర్చింది. ఈసారి తెర వెంటనే తెల్లవారింది. బడి ఫొటో తెరవగానే బెంచీల మీద వరసగా కూర్చున్న పిల్లలు వచ్చారు. ఒక మరక తుడిచి, అలవాటు కొద్దీ టీ పెట్టడానికి లేచింది. లేచేలోపే మరక పోయింది.

మెకానిక్ కాసేపు జాబితా చూసి, “ఈ ముక్క నాకూ తెలియదక్కా,” అని, ఆ గడిని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

నాలుగో రోజుకే పది ఫొటోలూ బడివాళ్ల చేతికి వెళ్లాయి. మిగతా నూటముప్పై కూడా ఆవిడనే చేయమన్నారు. ఆ సాయంత్రం రేకు మూసే ముందు రంగులక్క కూతురికి మార్కర్ అందించింది.

“వద్దన్నదాన్ని నేను, నాచేత రాయిస్తావేంటి?”

“నువ్వు వద్దన్నావు కాబట్టే కొలిచాను. రాయి.”

కూతురు పాత తేదీ కింద కొత్త తేదీ వేసింది. అడక్కుండానే పక్కన ఇంకో మాట రాసింది: మా అమ్మ బిగించింది.