విట్లాక్ వంశం చెప్పిన ఎల్లేష్

కోస్గి చుట్టుపక్కల నలభై ఇళ్లవాళ్లు తమ ముత్తాత పేరు మరిచిపోయినా పరవాలేదు, అది ఎల్లేష్‌కు తెలుసు. ఆయన వంశాలు చెప్పే ఇంట్లో పుట్టాడు. కోతలు అయిపోగానే తంబుర భుజాన వేసుకుని రైతుల వాకిట్లో నిలబడి, ఆ ఇంటి మూలపురుషుడు ఎవరు, ఆయన కొడుకులెందరు, ఎవరు ఏ ఊరికి వలసపోయారు అని ఏడు తరాలు ఎక్కడా తడుముకోకుండా పాడేవాడు. పిల్లలు లేకుండా పోయినవాళ్లను, అన్నతో పోట్లాడి వేరుపడ్డవాళ్లను, ఆఖరికి జైలుకు పోయినవాణ్ని కూడా వదిలేవాడు కాదు. పేరు వదిలితే మనిషిని మళ్లీ చంపినట్టేనని తండ్రి ఆయనకు చెవులు మెలిపెట్టి నేర్పాడు.

తెలంగాణ వచ్చిన తర్వాత పిలిచే ఇళ్లు ఒక్కటొక్కటే తగ్గాయి. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. ఆయన బెంగంతా ఒక్కటే, ఈ పేర్లన్నీ తనతోపాటే మట్టిలో కలిసిపోతాయని. బిడ్డ ప్రవళికకు మంచి గొంతు, ఒకసారి వింటే మరవని బుర్ర. నేర్చుకొమ్మని ఎన్నేళ్లు బతిమాలాడో లెక్కలేదు. ఎవరి తాతలో మనకెందుకని ఆమె తేల్చేసి, డిగ్రీ చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. అమెరికాలో విట్లాక్ అండ్ ట్రేల్ అని వకీళ్ల పెద్ద కంపెనీ ఒకటుంది. వాళ్ల పాత కాగితాలను కంప్యూటర్‌లో సర్దిపెట్టడం ఆమె పని.

కరోనా వచ్చి ఆఫీసు మూసేశారు. ప్రవళిక లాప్‌టాప్ పట్టుకుని కోస్గికి వచ్చింది. ఇంట్లో సిగ్నల్ అందక అరుగు మీద కూర్చుని పని చేసేది. కంపెనీకి నూట పాతికేళ్లు నిండబోతున్నాయట, దాని చరిత్రను వరసగా రాసే పని ఆమెకు అప్పజెప్పారు. అదేం పని అని మంచం మీద నుంచి ఎల్లేష్ అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన చాలాసేపు ముసిముసిగా నవ్వుకున్నాడు.

"ఎవరి తాతలో మనకెందుకంటివి గదా బిడ్డా. మరి గిదేంది?"

ప్రవళికకూ నవ్వొచ్చింది. ఆ వానాకాలమంతా, పని మధ్య దొరికిన తీరికలో, తండ్రికి ఆ కంపెనీ కథ చెబుతూ పోయింది. విట్లాక్ అనే ఆయన ఒక నది ఒడ్డున, గింజల దుకాణం మీది గదిలో ఒక్క బల్ల వేసుకుని మొదలుపెట్టాడు. ట్రేల్ వచ్చి జతకలిశాడు. రైలు కంపెనీల దావాలు గెలిచారు, పక్క పట్నంలో ఇంకో గది తీసుకున్నారు, తర్వాత ఇంకో పట్నంలో. ఇప్పుడు రెండువేల మంది వకీళ్లు. అక్కడ కొడుకులకు వాటా రాదని, బాగా పనిచేసినవాణ్నే వాటాదారును చేస్తారని విని ఎల్లేష్ ఒక పూటంతా ఆలోచించాడు. చివరికి వాళ్లందరినీ విట్లాక్ కొడుకులుగానే లెక్కగట్టుకుని పాట అల్లేశాడు.

కళ్లు మూస్తే చాలు, వాళ్లు కనిపించేవాళ్లు. మధ్యాహ్నపు మగతలో, సన్నగా తుంపర పడుతుంటే, పొడుగు కోట్లు వేసుకున్న దొరలు చంకలో కాగితాల కట్టలతో కందిచేను గట్ల మీదుగా ఒకరి వెనక ఒకరు నడిచి వచ్చేవాళ్లు. బురదకు బూట్లు జారుతుంటే కోట్లు పైకెత్తి పట్టుకునేవాళ్లు. విట్లాక్ ఆగి కందిపూత చేత్తో తాకి చూసేవాడు. ఎల్లేష్ వాళ్లను పేరుపేరునా పలకరించేవాడు. నది వాసన చేనంతా నిండేది. లేచేసరికి మనసు హాయిగా ఉండేది, అన్నేళ్ల తర్వాత ఎవరో ఇంటికి పిలిచినట్టు.

ఆ వరసలో చివరన ఒకడు తలవంచుకుని నడిచేవాడు, ఓబెడ్ కార్. ట్రేల్‌తో తగవుపడి, సగం మంది గుమాస్తాలను వెంటబెట్టుకుని వెళ్లిపోయినవాడు. ప్రవళిక అతని గురించీ రాసింది. పైవాళ్లు ఆ పేరు తీసేయమన్నారు, పండుగ పూట పాత తగవులెందుకని. ఆమె తీసేసింది. ఆ సంగతి తెలిసి ఎల్లేష్ ఆ పూట అన్నం ముట్టలేదు. నూరేళ్ల కింద పోయిన అమెరికావాడి కోసం అన్నం మీద అలిగినవాడు మండలంలో ఇతనొక్కడేనని భార్య యాదలక్ష్మి దులిపేసింది.

"నువ్వు తీసినా నేను తియ్య," అన్నాడు ఆయన బిడ్డతో.

ఆఫీసు తెరిచాక ప్రవళిక మళ్లీ హైదరాబాదు వెళ్లిపోయింది. మూడేళ్ల తర్వాత ఒకరోజు ఫోను చేసి, తమ కంపెనీ ఇంకో పెద్ద కంపెనీతో కలుస్తోందని చెప్పింది. వియ్యమనుకున్నాడు ఎల్లేష్. రెండు ఇళ్లు ఒక్కటైతే మంచిదే కదా! అరకిలో జిలేబి తెచ్చి గల్లీలో ఇంటింటికీ పంచాడు. పెళ్లెవరికని అడిగినవాళ్లకు విట్లాక్ వాళ్లకని చెప్పాడు.

నెల తిరగకుండానే ప్రవళిక రెండు బ్యాగులతో వాకిట్లో దిగింది. కొత్త కంపెనీకి కాగితాలు సర్దేవాళ్లు వేరే ఉన్నారట, ఆఫీసులో ఆమెతో కలిపి ఆ గదిలోని పన్నెండు మందితో ఇక పనిలేదన్నారు. విట్లాక్ పేరు కూడా బోర్డు మీద నుంచి పోయింది. ఆమె రాసిన చరిత్రను ఇంటర్నెట్‌లో వెతికితే ఖాళీ పేజీ వచ్చింది.

మూడు రోజులు ఆమెకు యాదలక్ష్మి కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. పంచిన జిలేబి తలుచుకుని ఎల్లేష్ సిగ్గుతో చచ్చిపోయాడు. నాలుగో రోజు పొద్దున్నే స్నానం చేసి, తంబుర శ్రుతి చేసుకుని, సొంత వాకిట్లో నిలబడ్డాడు. గింజల దుకాణం మీది గదితో ఎత్తుకున్నాడు. గొంతు పాతబడ్డా పేర్లు పాతబడలేదు. ఓబెడ్ కార్ పేరు వచ్చినప్పుడు అరుగు మీద కూర్చున్న ప్రవళిక తల ఎత్తింది. ఆయన ఆగలేదు. ఊళ్లు దాటాడు, సముద్రం దాటాడు, హైదరాబాదు వచ్చాడు.

"గా ఇంటి ఆఖరి కొమ్మ, కోస్గి ఎల్లేష్ బిడ్డ ప్రవళిక. అయిదేండ్లు ఆ ఇంటి కాగితం కాపాడింది."

ఆమె మోకాళ్లలో తలపెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎల్లేష్ తంబుర పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఏం చేయాలో తెలియక. కాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేనొక్కదాన్నే గాదు బాపు. పన్నెండు మందిమి."

"నాకెట్ల తెలుస్తది? చెప్పు మరి."

ఆమె మొదలుపెట్టింది. ముందు మామూలుగా చెప్పింది, నాలుగో పేరుకు గొంతు దానంతటదే రాగంలో పడింది. తిరుమలగిరి నిహారిక, కొత్తకోట విజేందర్, కౌసల్య, శ్రీకాంత్... ఎల్లేష్ ఒక్కొక్కరినీ అందుకుని తంబుర మీద పలుకుతూ వచ్చాడు. పన్నెండు పేర్లూ అయ్యాక, రోజూ వాళ్లకు చాయ్ తెచ్చి ఇచ్చిన ఇస్రాయేలు పేరు కూడా ఆమె చెప్పింది. సంతోషం పట్టలేక ఎల్లేష్ ఆ పేరు సరిగా వినకుండానే మంగళం ఎత్తుకోబోయాడు. ప్రవళిక తంబుర మీద చెయ్యి వేసి ఆపింది. ఇస్రాయేలు పేరు కూడా ఆయన నోట పలికించింది.