అతుకు వేయని ఉంగరాలు

మా మావయ్య అప్పలాచారి గారు గత శుక్రవారం మధ్యాహ్నం పరమపదించారు. రెండు గంటల షిఫ్టు వదిలిన వేళ, ఉక్కు ప్లాంటు గేటు బయట, సైకిళ్ల రద్దీ మధ్య కుప్పకూలారు. ఎవరో నీళ్లు తాగించబోయారు, ఎవరో జీపు ఆపారు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కబురు పట్టుకుని పరుగున వచ్చిన మనిషిని నేను మొట్టమొదట అడిగిన మాట "దొరికాడా?" అని. అతను తెల్లమొహం వేశాడు. ఆ మాట గుర్తొస్తే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. ముప్పయ్యేళ్లుగా సెక్టర్ 7 బజారులో కుంపటి ముందు నుంచి కదలని కంసాలికి ప్లాంటు గేటు దగ్గర ఏం పని? చెబుతాను. మూడు వారాలుగా ఆయన అక్కడ ఒక ఉంగరం కోసం, దాన్ని పెట్టుకుని తిరుగుతున్న ఒక యువకుడి కోసం నిలబడుతూ వచ్చారు. ఆ ఉంగరం చేసింది నేను. అదింకా దొరకలేదు. దొరికేలోగా ఆ యువకుడి వేలు పోవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలూ ఆయన కీర్తి కోసమే రాస్తున్నానని అనుకోకండి. భయపడుతూ రాస్తున్నాను.

దివంగతులను ధీరోదాత్తులని, నిర్భయులని కీర్తించడం మన ఆనవాయితీ. మావయ్య విషయంలో అంత అబద్ధం నావల్ల కాదు. ఆయన మహా పిరికివారు. ఉరుము ఉరిమితే కొట్టు తలుపులు వేసేసేవారు. రిసాలి నుంచి రిక్షాలో వస్తూ మలుపు మలుపుకీ కళ్లు మూసుకునేవారు. అయినా ఆయన సౌజన్యం, శిల్పనైపుణ్యం, వృత్తిధర్మం అన్నీ ఆ భయంలోనే ఇమిడి ఉన్నాయని ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు తెలిసి ఏం లాభం!

ఉంగరం చేయించుకోవడానికి ఎవరొచ్చినా వేలి కొలతా, రాయి రంగూ తర్వాతి మాట. ముందు "ఏ డిపార్టుమెంటు బావూ? ఏటి పని?" అని అడిగేవారు. మిల్లు అన్నా, క్రేను అన్నా, నందిని సున్నపురాయి గనులన్నా సరే, ఇక ఆ ఉంగరానికి అరచేతి వైపు టంకం వేసేవారు కాదు. రెండు కొసలనూ వెంట్రుక పట్టనంత దగ్గరగా ఆనించి వదిలేసేవారు. యంత్రానికి చిక్కితే ఉంగరం విచ్చుకుని జారిపోవాలి, వేలు మిగలాలి. అదీ ఆయన శాస్త్రం. "ఆచారి గారికి అన్నీ వచ్చు, అతుకెయ్యడమే రాదు" అని ఆడవాళ్లు ఆటపట్టిస్తే ఆయనా నవ్వేసేవారు.

ఒకసారి ఒక ఇంజనీరు గారికి కోపం వచ్చింది. "ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాణ్ణి, నాకూ ఈ సందేమిటండీ?" అని నిలదీశారు. మావయ్య చేతులు కట్టుకుని, "తమరు ఎప్పుడూ మిషను దగ్గరకి ఎళ్లరేటి బావూ?" అన్నారు. ఇంజనీరు గారు ఉంగరం అలాగే పట్టుకెళ్లారు.

ఎవరి చేతికి ఏది నప్పుతుందో చెప్పడంలో ఆయనకు సాటి లేదు. పొట్టి వేళ్లకు వెడల్పు పట్టీ వద్దనేవారు, కణుపులు లావైతే రాయి చిన్నదిగా ఉండాలనేవారు. ఎవరైనా టీవీలో చూసిన నగ కావాలంటే, "మన సేతికి అందమైంది పెట్టుకోవాలమ్మా, ఆలకి అందమైంది ఆలకి" అనేవారు. శనికి భయపడి నీలం పెట్టుకుని మిల్లులోకి వెళ్లేవాళ్లను చూస్తే మాత్రం ఆయనకు ఒళ్లు మండేది. "ఆకాశంలో శనికి బయపడతారు, ఎదురుగా తిరిగే మిషనుకి బయపడరు" అనేవారు.

ఈ భయం ఆయనకు మా ఇంట్లోనే పుట్టింది. మా నాన్న ఎడమ చేతికి ఉంగరపు వేలు లేదు. మావయ్య ఈ హిందీ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో, చెల్లెలి మొగుడని ముచ్చటపడి, గట్టి టంకంతో దిట్టమైన ఉంగరం చేసి తొడిగారట. నెల తిరక్కుండా నాన్న ప్లాంటులో నిచ్చెన దిగుతుంటే ఆ ఉంగరం ఇనప కొక్కేనికి తగులుకుంది. మనిషి కిందికి వచ్చాడు, వేలు రాలేదు. నాన్న ఏనాడూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. "బావ తిట్టుంటే మరిసిపోదును అమ్మీ, తిట్టనేదు" అని మావయ్య నాతో ఎన్నోసార్లు అన్నారు.

ఆ చెయ్యి పట్టుకుని నడక నేర్చినదాన్ని, ఆ మావయ్య దగ్గర పని నేర్చుకున్నదాన్ని. అయినా ఆ తప్పే చేశాను. కేబుల్ టీవీ వచ్చాక మగపిల్లలకు లావుపాటి ఉంగరాల మోజు పట్టుకుంది. చదరపు ముఖం మీద రాయి, పక్కన ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరం, చుట్టూ ఎక్కడా సందు లేని పట్టీ. అలాంటివి మనమూ చేద్దామంటే మావయ్య ఒప్పుకునేవారు కారు. ఈ వానాకాలం కామెర్లతో ఆయన ఆస్పత్రిలో పడ్డప్పుడు కొట్టు నా చేతికొచ్చింది. నా పనితనం చూపించుకోవాలన్న ఉబలాటం కొద్దీ అలాంటి ఉంగరాలు మూడు చేశాను. మూడో కుర్రాడు రంగుల పత్రికలోంచి చింపిన బొమ్మ తెచ్చి, "దీదీ, బిల్కుల్ ఇలాగే కావాలి. పీఛే గ్యాప్ ఉండకూడదు, పక్కా బనానా" అన్నాడు. వెనక సందు లేకుండా పక్కాగానే చేశాను. వేలి కొలత అడిగాను, అక్షరం అడిగాను. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు.

మావయ్య ఇంటికొచ్చి నేను నగల నమూనాలు గీసుకునే పుస్తకం తిరగేశారు. "ఎనకాతల సందేదమ్మీ?" అన్నారు. మూడింటికీ లేదన్నాను. ఆయన తిట్టలేదు. పసుపు ఇంకా దిగని కళ్లతో లేచి చొక్కా తొడుక్కున్నారు.

మొదటి ఉంగరం సెక్టర్ 7లోనే, ఒక కొత్త పెళ్లికొడుకు దగ్గర దొరికింది. నవ్వుతూ తీసిచ్చాడు. రెండోదాని కోసం నందిని వెళ్లాం. ఆ గని కార్మికుడు రాయి తీస్తే అరిష్టమని భయపడి, ఉంగరం వేలి నుంచి ససేమిరా తీయనన్నాడు. "తియ్యొద్దులే" అని మావయ్య అతని చేతిని తన ఒళ్లో పెట్టుకుని, వేలికీ పట్టీకీ మధ్య సన్నటి రేకు దూర్చి, రంపంతో వెనకవైపు కోశారు. జీవితమంతా వణకని ఆ చేతులు వణికిపోతున్నాయి. "బాబా, ఆప్ క్యోం కాంప్ రహే హో?" అని వణుకెందుకో అతను హిందీలో అడిగాడు. "బయమేసి బావూ" అన్నారు మావయ్య తెలుగులోనే. అతనికి అర్థం కాలేదు గాని, చెయ్యి మాత్రం కదపలేదు.

మూడో మనిషి రిసాలి నుంచి వచ్చానన్నాడు. అంతకుమించి నాకేమీ తెలియదు. రిసాలిలో వాకబు చేశాం, ఫలితం లేదు. ఇక మావయ్య రోజూ గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టారు. "మొకాలు కాదమ్మీ, సేతులు సూడు" అనేవారు. సైకిలు హ్యాండిళ్ల మీద వందల చేతులు మా ముందు నుంచి వెళ్లేవి. జనం నవ్వుతున్నారని సిగ్గేసి నేను రెండు రోజులకే మానేశాను. కొట్టు చూసుకోవాలని వంక చెప్పాను. ఆయన మానలేదు.

పోయేముందు రోజు, ఇక వదిలెయ్యి మావయ్యా, ఒంట్లో బాగోలేదు కదా అని బతిమాలాను. ఆయన చెప్పులు తొడుక్కుంటూనే, "బావ ఏలు తెగుద్దని నాకు ముందుగా తెల్దు. ఈ ఏలు సంగతి తెలుసు కదమ్మీ. తెలిసీ ఎలాగ కూకోడం?" అన్నారు.

ఇప్పుడు రోజూ రెండింటికి నేను వెళుతున్నాను. ఎర్ర రాయి, పక్కన ఆర్ అనే అక్షరం, కుడిచేతి ఉంగరపు వేలు. ఇది చదివేవారి ఇంట్లో గాని, పక్క క్వార్టరులో గాని అలాంటి చెయ్యి ఉంటే, ఈ పూట డ్యూటీకి వెళ్లకముందే ఉంగరం తీయించండి. రాకపోతే కొట్టుకు తీసుకురండి, నేను కోస్తాను. మావయ్యలా కోయడం నాకు రాదు, అయినా కోస్తాను. అలాంటి కంసాలి ఈ ఊరికి మళ్లీ దొరకడు. ఆయన పాదాలకు దండం పెట్టి తప్పు ఒప్పుకోవడం రేపు, రేపు అని వాయిదా వేశాను, ఇక వ్యవధి లేకపోయింది. ఆ వేలి కోసం భయపడేవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. నా ఒక్కదాని భయం చాలదు. మీరూ భయపడండి.