మావయ్య చెక్కిన గుర్రం

నిన్న మందుల డబ్బాలో జ్వరం మాత్ర వెతుకుతుంటే అడుగున సీసం బిళ్ల తగిలింది. దాని మీదున్నది గుర్రం. చెబితేనే తెలుస్తుంది.

దాన్ని చేసింది మా అమ్మ తమ్ముడు, కొవ్వూరులో చరిత్ర లెక్చరరు. తొంభైల్లో ఆయనకు కెల్టుల నాణేల పిచ్చి పట్టింది. ఇడ్లీ తింటున్నా అదే మాట. ఎప్పుడో ఐరోపాలో ఆ జాతి సిపాయిలు గ్రీకు రాజుల తరఫున యుద్ధాలు చేసి, జీతంగా వచ్చిన బంగారు నాణేలు ఇంటికి తెచ్చుకున్నారట. వాటిని చూసి వాళ్ల కంసాలులు సొంత అచ్చులు చెక్కారట. "ఆ బంగారం కూరగాయలు కొనడానికి కాదురా. దొర తనని నమ్ముకున్నవాడి చేతిలో పెట్టే మర్యాద," అనేవారు.

రిటైరయ్యేలోగా కాలేజీ పిల్లల ముందు ఒక నాణెం కొట్టి చూపించాలని ఆయన కోరిక. రెండు నెలలు కూర్చుని ఇనుప అచ్చు మీద గుర్రాన్ని చెక్కారు. ఒక ఆదివారం చుట్టాలందరినీ పెరట్లో కూర్చోబెట్టి రిహార్సల్ వేశారు. మొద్దులో దిగ్గొట్టిన అచ్చు మీద సీసం బిళ్ల పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ. "మొదటిది నీకేరా," అని నా చేతిలో పెట్టారు. కాళ్లు ఒంటికి అతకలేదు, కీళ్ల దగ్గర చుక్కలు, జూలేమో మీసాల్లా ఉంది. అప్పుడు రొయ్యల చెరువుల మీద నాకు నాలుగు డబ్బులొస్తున్నాయి, నోటికి అడ్డు లేదు. "మావయ్యా, ఇది గుర్రమా, టైగర్ రొయ్యా? కేజీ ఎంతకిస్తారండీ?" అన్నాను. పెరడంతా నవ్వింది. ఆయనా నవ్వారు. సుత్తి మాత్రం మళ్లీ ఎత్తలేదు. నా హాస్యం బాగా పండిందని ఆ రోజంతా మురిసిపోయాను. కాలేజీలో ఆ పాఠం చెప్పకుండానే రిటైరయ్యారని అత్తయ్య తర్వాత చెబితే, "సరదాకన్నానండీ," అని తప్పించుకున్నాను.

ఆరేళ్లకు రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో ఒక కెల్టు నాణెం ఫొటో కనిపించింది. విడిపోయిన కాళ్లు, చుక్కలు, మీసాల జూలు. నకలుకి నకలు తీస్తూ తీస్తూ వాళ్లు గుర్రాన్ని అలా తమది చేసుకున్నారట. మావయ్య ఒక్క గీత కూడా తప్పలేదు.

పుస్తకం కొని అటే కొవ్వూరు బస్సెక్కాను. అప్పటికి ఆయనకు చూపు ఆనడం లేదు. "తప్పు నాదండి మావయ్యా," అంటూ పర్సులో అలాగే పడున్న బిళ్ల తీసి ఆయన చేతిలో పెట్టి, ఆ అచ్చులు తీయండి, మీరు పాఠం చెబితే నేను సుత్తి పడతానన్నాను.

"పాత ఇనుము వాడికి వేసేశారు బాబూ," అంది అత్తయ్య.

మావయ్య బిళ్లని వేలితో తడిమారు. "రొయ్య బాగానే ఉందిరోయ్," అని నవ్వి, దాన్ని నా అరచేతిలోనే పెట్టి గుప్పిట మూశారు. "దొర ఇచ్చింది వెనక్కివ్వకూడదు."

రాజమండ్రి నుంచి గోదావరి బ్రిడ్జి దాటి కొవ్వూరు చేరడానికి బస్సుకి పావుగంట పడుతుంది. నాకు ఆరేళ్లు పట్టింది.