ఆతె వాళ్లమ్మ పుట్టినరోజున నేను విరిచిన సేమ్యా

మా చిన్నప్పుడు... సేమ్యా విరిచే పని నాది. క్రిస్మస్ ముందురోజు అమ్మ నా ముందు బేసిన్ పెట్టి, పొడుగాటి సేమ్యా కట్ట చేతికిచ్చేది. గుప్పెడు తీసి పటపటా విరిచేదాన్ని... ఆ చప్పుడంటే ప్రాణం నాకు. ముక్కలు గచ్చంతా పడితే అమ్మ, "విరవమంటే ఇల్లంతా చల్లుతావేందే!" అని కసిరేది. వేలెడంత ముక్కలైతేనే పాయసం గరిటెకు బాగా వస్తుందని ఆవిడ నమ్మకం.

గుంటూరు నుంచి చదువుకోవడానికి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు ఆ అలవాటూ నా వెంటే వచ్చింది.

అప్పట్లో ఆ ఊరి శివారు టార్నీట్‌లో ఒక అద్దె ఇంట్లో ఉండేదాన్ని. పక్క గది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మారిసెల్‌ది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. వృద్ధులను చూసుకునే హోమ్‌లో ఉద్యోగం. "ఆతె అని పిలువు, మా భాషలో అక్క అని" అంది మొదటిరోజే. మాదీ ఆమెలాగే ఆర్.సి.ఎం., అంటే క్యాథలిక్ కుటుంబమే కాబట్టి ఆదివారం చర్చిలో పూజకు ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. నాకు జ్వరమొస్తే యూనిఫాం కూడా మార్చుకోకుండా నుదుటి మీద తడిగుడ్డ వేసిన మనిషి ఆమె. నేను మోసం చేసింది ఎలాంటి మనిషినో మీకు తెలియాలి కదా... అందుకే చెబుతున్నాను.

ఒక శనివారం వాళ్లమ్మ ఎనభయ్యో పుట్టినరోజు వచ్చింది. ఆతెకు వెళ్లడానికి సెలవు దొరకలేదు. మధ్యాహ్నం మూడింటికి ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ పెట్టుకుని, అక్కడ అమ్మ, ఇక్కడ తను ఒకేసారి పాన్సిట్ తినాలని అనుకున్నారు. పాన్సిట్ అంటే బియ్యప్పిండి సేమ్యాను కూరగాయలు, చికెన్, సోయాసాస్‌తో వేయించే వంటకం. మనకు పుట్టినరోజుకి పాయసం ఎలాగో, వాళ్లకి అది అలాగ.

"కూరగాయలు తరిగి పెట్టు చాలు, మిగతాది నేనొచ్చి చేస్తా" అని చెప్పి పొద్దున్నే పనికి వెళ్లింది ఆతె.

మనకి చాలదుగా! ఆమె వచ్చేసరికి వంటంతా చేసేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. క్యాబేజీ, క్యారెట్, బీన్స్ సన్నగా తరిగాను. వెల్లుల్లి ఎర్రగా వేయించాను. ప్యాకెట్ విప్పి చూస్తే పొడుగాటి సేమ్యా, మడతలు మడతలుగా... నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. చేతులే వెళ్లిపోయాయి. పటపటా... మొత్తం ప్యాకెట్ వేలెడంత ముక్కలు చేసి నానబెట్టాను. విరుస్తున్నంతసేపూ హాయిగా పాట పాడుకున్నాను కూడా.

మూడు కాకముందే ఆతె వచ్చింది. వంట అయిపోయిందనగానే నన్ను గట్టిగా వాటేసుకుంది. ల్యాప్‌టాప్ తెరిచింది. అటువైపు పూల గౌనులో పెద్దావిడ, చుట్టూ బంధువులు. ఆతె మూత తీసి, ఫోర్క్‌తో సేమ్యా పైకెత్తబోయింది. ముక్కలన్నీ జారి మళ్లీ గిన్నెలోనే పడ్డాయి. ఇంకోసారి ఎత్తింది... మళ్లీ అంతే.

ఆమె మొహం చూశాను. అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు.

"ప్యాకెట్‌లోనే విరిగిపోయి ఉందా?" అని మెల్లగా అడిగింది.

ఇక్కడే, స్నేహితులారా... ఇక్కడే. "కాదు ఆతె, నేనే విరిచాను" అంటే అయిపోయేది. నేను అవునన్నట్టు తల ఊపాను. నోటితో అబద్ధం ఆడే ధైర్యం కూడా లేక, ఊరికే తల ఊపాను.

అప్పుడు చెప్పింది. ఆ సేమ్యా పొడుగు ఆయుష్షుకు గుర్తట. పుట్టినరోజున దాన్ని విరవకూడదట, కోయకూడదట. "నా బ్యాగులోనే నలిగి ఉంటుంది, తెచ్చిన రోజు ట్రైన్ రద్దీగా ఉందిలే" అని తనే సర్దిచెప్పుకుంది. అటువైపు పెద్దావిడ విషయం విని పకపకా నవ్వింది. తన పళ్లెంలోంచి బారెడు పొడుగు పోగు ఒకటి తీసి, కూతురి వాటా కూడా తనే తింటానన్నట్టు కెమెరా ముందు ఊపింది. ఆతె ఆ ముక్కల పాన్సిట్‌ని చివరి మెతుకు దాకా తిని, చాలా బాగుందని నన్ను మెచ్చుకుంది కూడా.

నాలుగు నెలలకి పెద్దావిడ పోయింది.

విరిగిన సేమ్యాకి ఎవరూ చనిపోరని నాకు తెలుసు. ఆతెకూ తెలుసు. అయినా ఊరికి వెళ్లడానికి బట్టలు సర్దుకుంటూ, "ఆ రోజు ప్యాకెట్ జాగ్రత్తగా తేవాల్సింది" అంది. ఇంకో జత తీస్తూ మళ్లీ అదే మాట అంది. నేను పక్కనే కూర్చుని చీరెలు మడతపెట్టినట్టు ఆమె గౌన్లు మడతపెడుతున్నాను. పెట్టె జిప్పు కూడా నేనే వేశాను.

తర్వాత చర్చిలో, చేసిన తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో, ఫాదర్‌కి చెప్పుకున్నాను. "నాకు కాదమ్మా, వెళ్లి ఆమెకు చెప్పు" అన్నారాయన. అమ్మకి ఫోన్‌లో చెబితే, "చెప్పేస్తే పోయేదానికి ఇన్నాళ్లు మోస్తన్నావేందే పిచ్చిమొహమా!" అంది. సరేనన్నాను ఇద్దరికీ. ఈలోగా ఆతె ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోయింది. నంబర్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ ఆమే ముందు మెసేజ్ పెడుతుంది... సిగ్గులేకుండా నేను పువ్వుల బొమ్మ పంపిస్తాను.

మొన్న మెల్‌బోర్న్‌లోనే పాయింట్ కుక్‌లో మా ఇంట్లో, పాప పుట్టినరోజుకి పాన్సిట్ చేస్తున్నాను. పాప ప్యాకెట్ విప్పి రెండు చేతులా పట్టుకుంది. "విరవకే!" అని కేక పెట్టాను. అది ఉలిక్కిపడి, "వై నాట్, మమ్? యూ బ్రేక్ ద అదర్ వన్!" అంది, పాయసం సేమ్యా గురించి. జవాబు చెప్పబోయి ఏడ్చేశాను.

ఇప్పుడు మన సేమ్యా ఎక్కువగా ముక్కలుగానే ప్యాకెట్‌లో వస్తోంది... ఎవరు విరిచారని అడిగే పనే లేదు. మీరు చేసిన తప్పు ఇంకొకరు నెత్తిన వేసుకున్న రోజు మీకూ ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... కాదు, ముందు వాళ్లకే చెప్పండి.

నేనైతే ఇక్కడ రాశాను. ఆతెకు తెలుగు రాదు.