బ్యాంకాక్ బస్టాండులో బావ కోసం వాకబు

ఆ రోజుల్లో, మహారాష్ట్ర అంచున తెలుగు మాట్లాడే మా సిరోంచలో మనిషి తప్పిపోవడం అంత తేలికైన పని కాదు. (ఆ రోజులంటే మరీ పాతవనుకునేరు. అందరి చేతుల్లో ఫోన్లున్న రోజులే. ఈలోపు నా నెత్తిన జుట్టు పలచబడడంతో నాకే అవి పాతకాలంలా కనిపిస్తున్నాయి.) ఎవరైనా కనబడకపోతే ఇంట్లోవాళ్లు ముందు బస్టాండుకు వెళ్లేవాళ్లు. అక్కడ టీ కొట్టాయనను అడిగితే ఆయన అహేరి బస్సు కండక్టర్ని అడిగేవాడు. కండక్టరు కాసేపు గడ్డం గోక్కుని, "గా ఎర్ర చొక్కా పోరడా? నాగేపల్లి కాడ దిగిండు, చేతుల కోడి ఉండె" అనేవాడు. అంతే, మనిషి దొరికినట్టే. అడగడానికి కూడా ఒక పద్ధతి ఉండేది: ముందు ఇంటిపేరు, తర్వాత తండ్రి పేరు, ఆ తర్వాత ఏ వాడ, ఆఖరికి ఆ మనిషి పేరు. సామాను సంగతీ అంతే. అహేరి హాస్టల్లో చదివే పిల్లలకు అమ్మలు రొట్టెలు, తొక్కు మూటగట్టి, మీద పేరు రాసి, డ్రైవరు పక్కన పెట్టి పంపేవాళ్లు. పిల్లలు అక్కడ బస్సు దగ్గర నిలబడి అందుకునేవాళ్లు. అలా మూటలు అందుకుని పెద్దయినవాణ్ణి కనుక ప్రపంచమంతా ఇలాగే నడుస్తుందని నా గట్టి నమ్మకం.

మా బావ మాత్రం సిరోంచలో తప్పిపోలేదు, బ్యాంకాక్‌లో తప్పిపోయాడు. బావంటే మా మేనత్త కొడుకు, నాకంటే పెద్ద. వాళ్ల నాన్న, మా నాన్న పరాయి చేలలో కూలికి మిర్చి ఏరి మమ్మల్ని చదివించారు. బావ చంద్రపూర్‌లో కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఎవరో ఏజెంటు తగిలి, బ్యాంకాక్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, చల్లటి గది, మూడు పూటలా భోజనం అన్నాడు. బావ వెళ్లాడు. దిగిన రోజే ఒక ఫోటో పంపాడు. పెద్ద బస్టాండు, వెనక బస్సులు, ముందు కొత్త చొక్కాలో నవ్వుతూ బావ. "ఇంకో బస్సు ఎక్కాల్నంట, ఆఫీసు జర దూరమున్నదంట" అని కింద రాశాడు. ఆ తర్వాత అతని ఫోను మోగలేదు. కొన్నాళ్లకు ఏజెంటు ఫోనూ మోగలేదు. అలా వెళ్లిన కుర్రాళ్లను సరిహద్దు అవతల ముళ్లకంచెల మధ్య పెట్టి, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయిస్తున్నారని, చేయనంటే కొడుతున్నారని అప్పుడప్పుడే టీవీల్లో వస్తోంది. అది ఒక్కసారి చూసి మా అత్త టీవీ వైరు పీకేసింది, మళ్లీ పెట్టనివ్వలేదు.

వెతకడానికి నన్ను పంపించారు. కారణం నా ధైర్యం కాదు, నా పాస్‌పోర్టు. నేను సిరోంచలో కులం, ఆదాయం లాంటి దాఖలాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణంలో పనిచేసేవాణ్ణి. పాస్‌పోర్టు దరఖాస్తు ఎలా నింపాలో నేర్చుకోమని మా సేఠ్ అంటే, ఎవరిది నింపాలని అడిగాను. "ముందుగాల నీదే నింపు, తప్పుపోతే నీకే పోతది" అన్నాడు. తప్పు పోలేదు, పాస్‌పోర్టు ఇంటికొచ్చింది. అలా మా వంశం మొత్తంలో ఎల్లలు దాటే అర్హత ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను. చుట్టాలందరూ తలా కొంత వేశారు. పోలీసు ఉద్యోగానికి పరుగు సాధన చేస్తున్న మా దోస్తు ఒకడు తన వీపు సంచి ఇచ్చాడు, అడవి రంగుది. (మా జిల్లాలో ఆ రంగు సంచి తగిలించుకుని లోపలి దారుల్లో పోతే ఇటు పోలీసులూ ఆపుతారు, అటు అడవిలోని అన్నలూ ఆపుతారు. విమానాశ్రయంలో ఒక్క ఇటువాళ్లే ఆపారు.) అత్త ఆ సంచిలో బట్టలకంటే ముందు ఒక మూట కుక్కింది. ప్రాణహితలో పట్టి ఎండబెట్టిన చేపలు. "వానికి గివంటే పాణం. గాడ ఏం తింటుండో ఏమో. దొరకంగనే వాని చేతులనే పెట్టు అల్లుడా" అంది. దొరకంగనే అంది కానీ, దొరికితే అనలేదు. ఆ మాట విన్నాక విమానం ఎక్కడానికి నాకు భయం పట్టుకుంది.

బ్యాంకాక్‌లో నేను దిగింది వీపు సంచుల వాళ్లు దిగే గల్లీలోనే. ఒకే గదిలో రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి మంచాలు. వాటి నిండా ఎండకు కందిపోయిన తెల్ల పిల్లలు. సిరోంచ ఎండలో పుట్టినవాణ్ణి, ఈ ఎండ నన్నేం చేస్తుందని బయల్దేరిన నాకు మొదటి రోజే గర్వం అణిగింది. మా ఎండ మనిషిని మాడుస్తుంది, అక్కడి ఎండ ఉడకబెడుతుంది. చొక్కా ఆరదు, చెమట ఆగదు, రోడ్డు దాటుదామంటే బండ్లు ఆగవు. నా కింది మంచం మీద గడ్డం కుర్రాడొకడుండేవాడు, మంచివాడు. ఎందుకొచ్చావని అడిగాను. తనను తాను వెతుక్కోవడానికి వచ్చానన్నాడు. నువ్వు ఇక్కడే ఉన్నావు కదయ్యా, నిన్నెవరూ ఎత్తుకుపోలేదు కదా అందామనుకున్నాను, అంత ఇంగ్లీషు రాక ఊరుకున్నాను. నువ్వెందుకొచ్చావని అతను అడిగితే, మా బావను వెతకడానికి అన్నాను. అదేదో మా దేశపు వేదాంతం అనుకున్నట్టున్నాడు, చాలా గౌరవంగా తలాడించాడు.

రెండు రోజులకే గదిలో చేపల వాసన లేచింది. ఎలుక చచ్చిందని అందరూ తీర్మానించారు. అక్కడ పనిచేసే అమ్మాయి మంచాలన్నీ జరిపించి వెతికించింది. నేను కూడా ఫోను లైటు వేసి చాలా శ్రద్ధగా వెతికాను. (ఎలుక దొరకలేదు.) ఆ రోజు నుంచి ఆ సంచిని వీపు మీదనుంచి దించకుండా తిరిగాను. సిటీ బస్సులో కిక్కిరిసిన జనంలో కూడా నా చుట్టూ కాస్త జాగా ఉండేది.

ముందు మన దేశపు రాయబార ఆఫీసుకు వెళ్లాను. వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి అన్నీ రాసుకున్నారు. ఇలా ఇంకా చాలామంది వస్తున్నారు, కబురు తెలిస్తే చెప్తాం అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. ఇక నాకు తెలిసిన విద్య ఒక్కటే మిగిలింది, బస్టాండులో అడగడం. ఫోటోలో ఉన్న బస్టాండు ఎక్కడుందో కనుక్కుని వెళ్లాను. అది మా ఊరి బస్టాండు లాంటిది కాదు, మా ఊరే అందులో పడుతుంది. అయినా టీ కొట్టు లాంటిదేదో చూసుకుని దాని పక్కన నిలబడ్డాను. ఫోన్లో ఒక మాటను ఇంకో భాషలో పలికే యాప్ ఉంది కదా, దానికి నా ప్రశ్న అప్పజెప్పాను. ఎలా అప్పజెప్పాననుకున్నారు? మా పద్ధతి ప్రకారమే. ఇంటిపేరు ఫలానా, ఫలానా ఆయన కొడుకు, సిరోంచ తాలూకా, బజారు వెనక వాడ, పేరు ఫలానా, ఇటు వచ్చాడా. ఫోను ఇదంతా వాళ్ల భాషలో గడగడా చెప్పేది. వినేవాళ్లు పాపం ఆఖరుదాకా విని, చేతులు జోడించి వెళ్లిపోయేవాళ్లు. ఒకాయన నేనేదో మందులమ్ముతున్నాననుకుని వద్దన్నాడు. ఒక ముసలమ్మ అన్నం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె నన్నేమనుకుందో నాకు తెలుసు, అయినా తిన్నాను, ఆకలైంది. పొద్దున వెళ్లి చీకటి పడేదాకా అడిగాను. మర్నాడూ అడిగాను. టికెట్లిచ్చే వాళ్లను, సామాను మోసేవాళ్లను, ఊడ్చేవాళ్లను అడిగాను. అక్కడి కాపలావాళ్లకు నేను అలవాటైపోయి, నేను రాగానే కుర్చీ జరిపేవాళ్లు.

ఆఖరికి దూరం బస్సులో పనిచేసే ఒక ఆడమనిషి ఆగింది. కండక్టరులాంటిదే అనుకోండి. నేను అక్కా అనే పిలిచాను. ఆమె నా చేతిలోంచి ఫోను తీసుకుని బావ ఫోటోను పెద్దది చేసింది. బావ మొహం చూడలేదు, వెనకున్న బస్సును చూసింది. నన్ను రమ్మని సైగ చేసి, నడిపించి, ఒక స్తంభం దగ్గర నిలబెట్టింది. అదే స్తంభం, అదే వరుస. బస్సు ఏ ఊరిదో మ్యాపులో వేలు పెట్టి చూపించింది. ఆ ఊరి అవతల నది, నది అవతల వేరే దేశం. ఆ తర్వాత రెండు మణికట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, కట్టేసినట్టు చూపించింది. నవ్వుతూ వచ్చిన మనిషి, ఆమె మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

నేను వెళ్తాను, టికెట్టియ్యి అన్నాను. ఆమె నా సంచి పట్టీ పట్టుకుని వదల్లేదు. ఫోనులోకి ఏదో చెప్పింది. యాప్‌లోని ఆడగొంతు చాలా హుషారుగా, సినిమా టికెట్లు ఉన్నాయని చెప్పినట్టుగా చెప్పింది: "నువ్వు వెళితే మీ ఇంటివాళ్లు ఇంకొకరిని పంపవలసి వస్తుంది." నేను ఆ నేల మీదే కూర్చుని ఏడ్చాను. నిజం చెప్పాలంటే ఆమె ఆపినందుకు నాలో ఒక మూల హాయిగా కూడా అనిపించింది. అందుకు ఇంకా ఏడుపొచ్చింది. మా బావ ఎక్కిన బస్సు నా ముందే ఇంజను వేసుకుని నిలబడి ఉంది, నాకు ఎక్కే ధైర్యం లేదు.

అప్పుడు చేసిన పనికే మా చుట్టాలు ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు. సంచి విప్పి చేపల మూట తీశాను. దాని మీద బావ పేరు, తండ్రి పేరు, ఊరు తెలుగులో రాశాను. తెలుగు రాకపోతే ఎలా అని మరాఠీలో రాశాను. అదీ రాకపోతే అని ఇంగ్లీషులో రాశాను. (అక్కడివాళ్లకు వచ్చేది ఒక్కటే భాష, ఆ భాషలో తప్ప అన్నింట్లో రాశాను.) తీసుకెళ్లి డ్రైవరుకిచ్చాను. ఆయన వాసన చూసి వెనక్కి జరిగాడు. అక్క ఆయనతో కాసేపు మాట్లాడింది. ఆయన మూటను అందుకుని తన సీటు పక్కన పెట్టుకున్నాడు. నాకు చేతులు జోడించాడు. అది మర్యాదకో, మరెందుకో నాకిప్పటికీ తెలియదు. బస్సు వెళ్లిపోయింది.

వీసా గడువు అయిపోయి తిరిగొచ్చాను. అత్త సిరోంచ బస్టాండులోనే ఉంది. నా వెనక ఎవరైనా దిగుతారేమోనని బస్సు ఖాళీ అయ్యేదాకా చూసింది.

"దొరకలే అత్తా" అన్నాను.

"చాపలేం జేసినవ్?"

"బస్సుల పెట్టిన. బావ పోయిన బస్సులనే."

"పేరు రాసినవా?"

"రాసిన."

"డ్రైవరుకు చెప్పినవా?"

"చెప్పిన."

"అయితే అందుతది తియ్" అంది. ఆ రాత్రి అత్త చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నదని మా అమ్మ చెప్పింది.

బావ ఆ మరుసటి ఏడాది వచ్చాడు. అక్కడేవో దాడులు జరిగి, ఒక్కసారిగా చాలామందిని వదిలేస్తే, వాళ్లతో పాటు విమానంలో వచ్చాడు. సగం మనిషే వచ్చాడు. ఎడమ చెవి వినపడదు. ఎందుకు వినపడదో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. చేపలు అందలేదని వేరే చెప్పక్కర్లేదు కదా. ఫోను మోగితే ఉలిక్కిపడతాడు కనుక వాళ్లింట్లో ఫోన్లన్నీ మూగగా ఉంటాయి. ఇప్పుడు రైసుమిల్లులో పని చేస్తున్నాడు. కంప్యూటర్ మాట ఎత్తడు.

నా బ్యాంకాక్ కథ మాత్రం ఊరెక్కింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో నన్ను మధ్యన కూర్చోబెట్టి చెప్పించేవాళ్లు. ఎలుక దగ్గర ఒక నవ్వు, అన్నం పొట్లం దగ్గర ఒక నవ్వు, మూడు భాషల మూట దగ్గరికొచ్చేసరికి నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. బావ ఉంటే చెప్పేవాణ్ణి కాదు. ఒక పెళ్లిలో చూసుకోలేదు. కథంతా అయ్యాక చూస్తే పందిరి గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అందరూ నవ్వుతున్నారు, అతనొక్కడే నవ్వడం లేదు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. భోజనాల తర్వాత తనే నా పక్కకు వచ్చి, వినపడే చెవి నా వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"నిజంగ అడిగినవా రా, గంత మందిని?"

"అడిగిన బావా."

"నా పేరు చెప్పే అడిగినవా?"

"పేరు చెప్పిన, మామ పేరు చెప్పిన, వాడ గూడ చెప్పిన. వాళ్లకేం సమజయితది? ఉత్త పిచ్చిపని."

బావ చాలాసేపు చేతుల్లోని వక్కపలుకును అటూ ఇటూ తిప్పాడు. "కొట్టుడు గాదురా పాణం తీసింది" అన్నాడు ఆఖరికి. "గాడ రోజు పొద్దుగాల నిలబెట్టి ఒకటే మాట చెప్పేటోళ్లు. మీరు పోయిండ్రని మీ ఊళ్ల ఎవ్వలకు సోయి లేదు, మీ కోసం ఎవ్వలు అడుగుత లేరు అని. ఇగ ఒకనాటికి నేను గూడ నమ్మిన."

బావ వక్కపలుకు నోట్లో వేసుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ బస్టాండులో అడవి రంగు సంచి తగిలించుకుని, చేపల కంపు కొడుతూ, దారినపోయే ప్రతి మనిషికీ మా మామ పేరు అప్పజెప్పిన ఆ వెర్రిబాగులవాణ్ణి చూసి నేను కూడా చాలా ఏళ్లు నవ్వాను. ఇప్పుడూ నవ్వొస్తుంది, కాకపోతే వాడంటే కొంచెం ముద్దుగా కూడా ఉంటుంది. కథ ఇప్పటికీ చెప్తున్నాను. బావ కూర్చుని ఉంటే చేపల సంగతి తొందరగా ముగించి, అడగడం మాత్రం పొడిగించి చెప్తాను. ఊడ్చేవాళ్లను అడిగాను, పోలీసును అడిగాను, పూలమ్మే ఆమెను అడిగాను, బడిపిల్లల్ని అడిగాను అని. చెప్పినప్పుడల్లా ఇంకో ఇద్దరు ముగ్గురు పెరుగుతారు. అవన్నీ నిజం కావని బావకు తెలుసు. ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు.