చుక్కాని బుష్

నేను కోసిచ్చిన బుష్ పడవ చుక్కానికి బిగించుకుని తమ్ముడు పొద్దున్నే చేపల వేటకు వెళ్లాడు. తరువాత నేను ఒక దుకాణానికి పేరు చెక్క చెక్కుదామని యంత్రం ఆన్ చేశాను. మొదటి సున్నాయే కలవలేదు. గీత మొదలైన చోటికి తిరిగి రాకుండా బియ్యపు గింజంత పక్కన ఆగింది.

తమ్ముడి బుష్ కోసింది కూడా దీని మీదే.

కంప్యూటర్ చెప్పినట్టు చెక్కనూ ప్లాస్టిక్‌నూ కోసే చిన్న యంత్రం అది. సరదాకి కొనుక్కున్నాను. మా దీవిలో, హోప్ టౌన్‌లో పడవ సామాను ఏది విరిగినా చెన్నై నుంచి ఓడ వచ్చేదాకా ఆగాలి, అందుకని తమ్ముడు నన్ను అడగడం మొదలుపెట్టాడు. ఈ బుష్ నైలాన్‌ది. దాని రంధ్రంలో చుక్కాని కడ్డీ తిరుగుతుంది. రంధ్రం గుండ్రంగా లేకపోతే కడ్డీ ఒక పక్కే ఒరుసుకుంటుంది, బుష్ పగులుతుంది, చుక్కాని బిగుసుకుపోతుంది.

కిందటేడు నాన్న పడవ ఒడ్డుకు చేరింది. నాన్న చేరలేదు. అంతకు మించి మాకేమీ తెలియదు.

ముందురోజు తమ్ముడు బుష్‌ను చెక్క సుత్తితో కొట్టి దింపుతూ, "చూశావా దీదీ, ఎంత టైట్‌గా కూర్చుందో! కంపెనీ మాల్ కూడా ఇలా ఉండదు" అన్నాడు. అప్పుడు సంతోషించాను. ఇప్పుడు ఆ బిగువే భయపెట్టింది, గుండ్రంగా లేకనే అంత బిగిసిందేమోనని.

తమ్ముడి ఫోన్ కలవలేదు. జెట్టీ దగ్గర వల సరిచేసుకుంటున్న పక్కింటాయన్ని అడిగాను.

"భయ్యా, మావాడు ఎటు వెళ్లాడు?"

"హార్బర్ దాటి దక్షిణానికి. క్యా హువా?"

"చుక్కాని బాగోలేదేమోనని."

"వాడికి చుక్కాని ఎందుకమ్మా, నోటితోనే పడవ తిప్పేస్తాడు." నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. అటు వెళ్లే పడవలన్నిటికీ చెప్పి కబురు పంపుతానన్నాడు.

ఇంటికొచ్చి యంత్రం ముందు కూర్చున్నాను. ఈ తేడా ఇవాళే వచ్చి ఉంటే బుష్ మంచిదే. అది తెలియాలి. నిలువుకొకటి, అడ్డానికొకటి ఉన్న రెండు మోటార్ల తీగలు ఒకదాని చోట ఒకటి పెట్టాను. తప్పు కరెంటు వైపుదైతే తేడా రెండో దిక్కుకు మారాలి. మారలేదు. మోటారు ఇరుసునూ బల్లను జరిపే మరచువ్వనూ కలిపే కప్లింగ్ మీద, ఇరుసు మీదికి వచ్చేలా పెన్నుతో ఒకే గీత గీశాను. బల్లను అటూ ఇటూ నడిపాను. గీత రెండుగా విడిపోయింది. ఇరుసు లోపల జారుతోంది.

విప్పితే నల్లటి గ్రీజు. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుందని మా అమ్మ కత్తికీ గొళ్లేనికీ గ్రీజు పూస్తుంది. నేను తుప్పు తుడవడానికి మోటారు విప్పి వరండాలో పెట్టినప్పుడు దాని ఇరుసుకూ పూసింది. నేను అలాగే బిగించేశాను. బుష్ కోసింది ఆ తరువాతే.

ఇంకా నమ్మలేక చెత్తబుట్ట వెతికాను. బుష్ రంధ్రంలోంచి ఊడిపడిన నైలాన్ బిళ్ల దొరికింది. వెర్నియర్‌తో నిలువుగా కొలిచాను, అడ్డంగా కొలిచాను. కొలతలు వేరు.

"తిన్నావటే? వాడెప్పుడొస్తానన్నాడు?" అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"చెప్పలేదు" అన్నాను.

సాయంత్రానికి జెట్టీ మీంచి తమ్ముడి పడవ కనిపించింది. వంకరగా, చాలా నెమ్మదిగా వస్తోంది. తమ్ముడు వెనక నిలబడి తెడ్డు పట్టుకుని ఉన్నాడు.

"పగిలింది దీదీ. పడవ ఒక వైపుకే తిరుగుతుంటే తెడ్డు వేశాను. కబురు అందాక ఇంకో పడవ పక్కనే వచ్చింది." నవ్వబోయాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

మర్నాడు ఇరుసు కిరోసిన్‌తో కడిగి, మరలు బిగించి, చెక్క మీద సున్నాలు గీయించాను. అన్నీ కలిశాయి.

"కలిసిందిగా. ఇంకోటి కోసెయ్యి" అన్నాడు తమ్ముడు.

"చెన్నై నుంచి తెప్పిద్దాం."

"ఓడ వచ్చేదాకా ఇంట్లో కూర్చోమంటావా?"

నేను ప్లగ్ పీకేశాను. వాడు బయటికి వెళ్లిపోయాడు.

ఆ తరువాతి పొద్దున్న తమ్ముడు పక్కింటాయన పడవలో పనికి బయల్దేరాడు. నేను వాళ్ల వెనకే జెట్టీదాకా వెళ్లాను. పడవలోకి దిగి, ఆ చుక్కానిని చివరిదాకా ఇటు తిప్పాను, అటు తిప్పాను. వాళ్లు తాడు విప్పకుండా ఆగారు. ఎవరూ నవ్వలేదు.